రాయిలో వదిలిన చోటు

ప్రతి ఏడూ జూలై ఆఖరి వారంలో ధనంజయ సిపాయి బొమ్మను కడుగుతాడు. రెండు బిందెల నీళ్ళు, సబ్బుపొడి, కొబ్బరిపీచు, ఒక నిచ్చెన. టోపీ దగ్గర మొదలుపెట్టి బూట్ల దాకా వస్తాడు. కాకిరెట్ట ఎండి అతుక్కున్న చోట పాత చాకుతో గోకుతాడు. మరునాడు పగుళ్ళు వెతుకుతాడు. తుపాకి లోపలి ఇనుపకడ్డీ వానలకు తుప్పుపట్టి ఉబ్బి, పైనున్న సిమెంటును పగలగొడుతూ ఉంటుంది. ఆ తుప్పును గరుకుకాగితంతో రుద్ది, సిమెంటు పాలు పట్టించి, ఆరాక ఆకుపచ్చ రంగు వేస్తాడు. చివరి పని పేర్లది. బొమ్మ కింది నల్లరాతి పలకలో చెక్కిన అక్షరాల్లో సన్న కుంచెతో తెల్లరంగు నింపుతాడు. మొత్తం నాలుగు పేర్లు. మూడో పేరుకూ నాలుగో పేరుకూ మధ్య ఇంకొక పేరు పట్టేంత చోటు ఖాళీగా ఉంటుంది. ఆ చోటును తడిగుడ్డతో తుడిచి వదిలేస్తాడు.

తుమ్మలసంత చిన్న ఊరు. బంగారుపాళ్యం నుంచి ఐరాల పోయే దారిలో, గుట్టల వాలున ఉంటుంది. వాన మీద ఆధారపడిన చేలు. వేరుశెనగ ఎండిపోయిన ఏడల్లా ఇద్దరో ముగ్గురో పడుచువాళ్ళు మిలిట్రీలో చేరేవారు. అట్లా పోయి తిరిగిరాని వాళ్ళ కోసం ఈ బొమ్మను నిలబెట్టినవాడు వరదయ్య. హవల్దారుగా పనిచేసి వచ్చి, ఇంటింటికీ తిరిగి సిమెంటూ ఇసుకా పోగుచేసి, 1974లో దాన్ని కట్టించాడు. చేసిన శిల్పి బాలసుబ్రమణ్యం గుడియాత్తం వైపు వాడు, గుడి గోపురాల మీద సున్నపుగచ్చు బొమ్మలు చేసే మనిషి. సిపాయిని దగ్గరగా చూసి ఎరుగడు. అతనికోసం వరదయ్య రెండు రోజులు యూనిఫారం వేసుకుని ఎండలో కదలకుండా నిలబడ్డాడు. అయినా కళ్ళు మాత్రం ద్వారపాలకుల కళ్ళలాగే పెద్దవిగా, బయటికి పొడుచుకొచ్చినట్టు కుదిరాయి. తుపాకిని కూడా ఆ సిపాయి గద పట్టుకున్నట్టు పట్టుకుని ఉంటాడు. కొత్తలో చూసి నవ్వినవాళ్ళు ఉన్నారు. తర్వాత ఊరికి అలవాటైపోయింది.

రాతి పలక మీద ఆ రోజుల్లో నాలుగు పేర్లు చెక్కాలని అనుకున్నారు. అరవై రెండులో పోయినవాడు ఒకడు, అరవై ఐదులో ఒకడు, డెబ్బై ఒకటిలో ఇద్దరు. మూడు పేర్లు పూర్తయి, నాలుగో పేరుకు పైగీత, కిందిగీత గీసి, ఉలి పట్టుకున్న సమయానికి కుప్పమ్మ వచ్చింది. చంకలో రెండేళ్ళ ఆడబిడ్డ. వెనకాలే అత్త చెంగమ్మ.

"ఆయన పేరు వద్దు, అన్నా" అంది కుప్పమ్మ. "కనపడలేదని రాసినారు గానీ చచ్చినాడని రాసినారా? చెక్కొద్దు."

వరదయ్య ఆమె ముఖంలోకి చాలాసేపు చూశాడట. తర్వాత ఉలి దించమని చెప్పాడు. ఆఫీసు కాగితాల్లో తర్వాత ఎవరేం రాసుకున్నా, తుమ్మలసంతలో మాత్రం కుప్పమ్మ భర్త చెంగల్రాయుడు చనిపోయినవాడు కాడు, రావలసినవాడు. 1999లో ఇంకొక కుర్రవాడు మంచుకొండల్లో పోయినప్పుడు అతని పేరును ఒక వరస వదిలి కింద చెక్కించాడు వరదయ్య. అప్పటికి రెండేళ్ళ ముందే మిలిట్రీ నుంచి వచ్చేసిన ధనంజయ పక్కనే ఉండి, ఎందుకట్లా అని అడిగాడు.

"ఆ చోటు కుప్పమ్మది. ఆ యమ్మ చెప్పిందాకా ఎవురూ ముట్టుకోకూడదు" అన్నాడు వరదయ్య. 2004లో ఆయన పోతూ బొమ్మ బాధ్యతతోపాటు ఈ మాటను కూడా ధనంజయకు అప్పగించి పోయాడు.

ధనంజయ ఆ మాట దాటలేదు. ఎన్నికలప్పుడు సిపాయి మెడకు ఫ్లెక్సీ తాళ్ళు కట్టినవాళ్ళతో గొడవపడ్డాడు. సంతరోజున దిమ్మె మీద టమోటా బుట్టలు దించేవాళ్ళను బతిమాలి పక్కకు పంపాడు. ఎవరైనా కొత్తవాళ్ళు ఖాళీచోటు గురించి అడిగితే "అది అట్లే ఉండాల" అని మాత్రం చెప్పేవాడు.

2023 జూన్‌లో రోడ్డు వెడల్పు పనులు తుమ్మలసంత దాకా వచ్చాయి. సర్పంచి చంద్రకాంతమ్మ ధనంజయను పంచాయతీ ఆఫీసుకు పిలిపించింది. ఆమె మంచి మనిషి, పని తొందర ఎక్కువ.

"బొమ్మను నలభై అడుగులు వెనక్కి జరపాలంట. పశువుల ఆస్పత్రి గోడ పక్కన చోటిస్తామన్నారు. క్రేను వాళ్ళే పంపిస్తారు" అంది. "ఎట్లాగూ కదిలిస్తా ఉండాం గదా, రాయి కూడా కొత్తది వేయిద్దామప్పా. మెషీనుతో చెక్కితే అక్షరాలు ముత్యాల్లా ఉంటాయి. చిత్తూరు నుంచి పేర్ల పట్టీ కూడా తెప్పించినాను."

ధనంజయ కాగితం తీసుకుని చదివాడు. ఐదు పేర్లు ఉన్నాయి. నాలుగోది సిపాయి చెంగల్రాయుడు.

"ఈ పేరు ఇప్పుడు రాయి మీద లేదమ్మా."

"కాగితంలో ఉండాది గదా. సర్కారే అమరుడని రాసినాక మనకేం అడ్డం?"

"ఆ యమ్మను అడగాల."

చంద్రకాంతమ్మ కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టింది. "అడగండి. నేనూ ఆడమనిషినే, బలవంతంగా రాయించను. కానీ ఆగస్టు పదైదుకు జెండా కొత్తచోటనే ఎగరాల. అంతలో చెప్పండి."

క్రేను వచ్చిన రోజు ఊరు సగం అక్కడే ఉంది. సిపాయి నడుముకు పాత గోనెపట్టాలు చుట్టి, వాటిమీద బెల్టులు బిగించి లేపారు. యాభై ఏళ్ళుగా ఒకేచోట నిలబడినవాడు గాలిలో కొద్దిగా అటూ ఇటూ ఊగాడు. పశువుల ఆస్పత్రి ఆవరణలో వరిగడ్డి పరిచి, దానిమీద వెల్లకిలా పడుకోబెట్టారు. రాతి పలకను ఊడదీసి గోడకు ఆనించారు.

ఎదురుగా రోడ్డుకు అవతల పంకజాక్షి టైలరు అంగడి ఉంది. కుప్పమ్మ కూతురు ఆమె. వయసు యాభై ఒకటి. భర్త రవిచంద్ర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పని చేస్తాడు. తల్లిని ఒంటిగా వదలలేక పెళ్ళయ్యాక కూడా తుమ్మలసంతలోనే ఉండిపోయింది. తండ్రి ఊరు విడిచి పోయేనాటికి ఆమె కడుపులో ఉంది. జనమంతా వెళ్ళిపోయాక మెడలో కొలతల టేపుతోనే రోడ్డు దాటి వచ్చింది.

"మామా, పట్టీలో మా నాయన పేరు ఉండాదంట గదా" అంది.

"ఉండాదమ్మీ."

"చెక్కించేయండి."

ధనంజయ పలక మీది దుమ్ము తుడవసాగాడు.

"నాకే యాభై ఒకటి నిండినాయి. ఇంక ఎప్పుడొస్తాడాయన?" ఆమె గొంతు పెంచలేదు. "అమ్మను అడిగితే వద్దనే అంటాది. చిన్నప్పటినుంచి ఇదే మాట. మీ నాయన వస్తాడు, మీ నాయన వస్తాడు. మీరు అడగొద్దు మామా, చెక్కించేయండి."

"అడక్కుండా నేను చెయ్యలేను పంకజా. పెద్దాయనకు మాటిచ్చినాను. రేపు పొద్దున ఇద్దరం పోయి అడుగుదాం."

మరునాడు వాళ్ళు ఇంటికి పోయేసరికి కుప్పమ్మ వసారాలో కూర్చుని ఒరుగుల కోసం పచ్చిమామిడికాయలు తరుగుతూ ఉంది. డెబ్బై మూడేళ్ళ మనిషి. నుదుట రూపాయంత కుంకుమబొట్టు. చూపు తగ్గినా కత్తిపీట మీద చెయ్యి తడబడదు. ధనంజయ ఎదురుగా చాప మీద కూర్చుని ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. రోడ్డు సంగతి, కొత్తరాయి సంగతి, పట్టీలో పేరు సంగతి.

"నువ్వు వద్దంటే వద్దే అక్కా. కొత్తరాయిలో కూడా ఆ వరస వదిలేయమని చెప్తా."

కుప్పమ్మ తరగడం ఆపింది. కూతురి వైపు చూసింది. పంకజాక్షి తల్లిని చూడకుండా వాకిలి వైపు చూస్తూ నిలబడి ఉంది.

"పాత రాయి యాడుండాది?" అని అడిగింది కుప్పమ్మ.

"ఆస్పత్రి గోడకు ఆనించినాము."

"నన్ను ఆడికి పిల్చుకోని పో అబ్బా. దాన్ని ఒకసారి సూడాల."

ముగ్గురూ నడిచి పోయారు. కుప్పమ్మ ముందుగా గడ్డిలో పడుకున్న సిపాయి పక్కన ఆగింది. ఇన్నేళ్ళు తలెత్తి చూసిన ముఖం ఇప్పుడు కాళ్ళ దగ్గర ఉంది. ఒక కంటి కింద సిమెంటు పెచ్చు లేచిపోయి ఉంది. ఆమె కాసేపు దాన్ని చూసి పలక దగ్గరికి పోయి నేల మీద కూర్చుంది. చదువురాదు. అయినా వేలు సరిగ్గా మూడో పేరు కింద నున్నటి చోట ఆగింది.

"పంకజా, కూసో" అంది.

"నిలబడే ఉంటాలే. చెప్పు."

"కూసోమ్మా."

పంకజాక్షి కూర్చుంది. ధనంజయ పక్కకు పోబోతే కుప్పమ్మ ఆగమంది.

"నువ్వూ ఉండప్పా. ఈ మాట ఊర్లో వరదయ్యన్నకూ నాకూ మాత్రమే తెలుసు. ఆయన పోయినాక నా ఒక్కదానికే తెలుసు." ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. "మీ నాయన చచ్చిపోయినాడు పంకజా. ఆ యుద్ధంలోనే చచ్చిపోయినాడు. నాకు మొదుటినుంచి తెలుసు."

కుప్పమ్మ చెప్పుకుంటూ పోయింది. కనపడలేదని కాగితం వచ్చిన రోజు అత్త చెంగమ్మ మంచం పట్టింది. కొడుకు లేడంటే గంజి కూడా ముట్టనంది. ఐదు రోజులు ముట్టలేదు. వరదయ్య వచ్చి, కనపడలేదంటే చచ్చిపోయినట్టు కాదమ్మా, పట్టుబడి ఉండచ్చు, యుద్ధం అయినాక వదిలిపెడతారు అని చెప్పాడు. ఆ మాట పట్టుకుని ముసలామె లేచి గంజి తాగింది. మూడు నెలలకు పంకజాక్షి పుట్టింది. ఏడాది దాటాక, వేరుశెనగ కలుపు తీసే రోజుల్లో, వరదయ్య ఒక మనిషిని వెంటబెట్టుకుని చేనులోకి వచ్చాడు. పేరు ఏబెల్. యాదమరి వైపు వాడు. చెంగల్రాయుడి జట్టులోనే సిపాయి. ఏడాది పొడుగునా ఆస్పత్రిలో ఉండి, ఒక కాలు కుంటుతూ వచ్చాడు.

"పంజాబు పక్కన, రాత్రిపూట కాలువ దాటతా ఉండారంట. రొమ్ముదాకా నీళ్ళు. ఈ నీళ్ళు మా ఊరి బావి నీళ్ళకంటే సల్లగా ఉండాయి రా ఏబేలూ, అని మీ నాయన నవ్వినాడంట. అదే ఆఖరు మాట. అంతలో గుండు వచ్చి పడింది. ఆయప్ప కాలికి దెబ్బ తగిలింది కూడా ఆడనే. మీ నాయన మునిగిపోయేది కండ్లారా సూసినాడు. మనిషి మళ్ళీ దొరకలా. అందుకే కనపడలేదని రాసినారు. డిసెంబరు ఏడో తేదీ."

"తెలిసి ఎందుకు చెప్పలేదు?" అని అడిగింది పంకజాక్షి.

"చెప్తే మీ అవ్వ ఆ పూటే ప్రాణం వదులుతాది. రోజూ వాకిట్లో కూసోని బస్సులు సూసేది. ఆ చూపుతోనే బతికింది మహాతల్లి. ఇంట్లో మగదిక్కు లేదు. నేను కూలికి పోతే నిన్ను ఎత్తుకోని ఉండేది ఆమే. కొంచెం కుదుటపడినాక చెప్దామనుకున్నా. అంతలో ఈ రాయి వచ్చింది. పేరు చెక్కితే ఆమెకు తెలిసిపోతాది గదా. అందుకని ఆమె ముందర ఆ మాట అన్నాను. వరదయ్యన్నకు అర్థమైంది."

"అవ్వ పోయి ఇరవై ఏడేండ్లయింది."

కుప్పమ్మ తల ఊపింది. "అప్పుడు చెప్పాల్సింది. అప్పటికి నీకు పెండ్లయి బిడ్డ కూడా ఉండె. ఇన్నేండ్లు అబద్ధం చెప్పినావా అని అడుగుతావు. ఏం జవాబు చెప్పేది? ఇప్పుడు చెప్దాం, పండగ పోయినాక చెప్దాం అంటానే ఉండిపోయినాను. చెప్పి చెప్పి ఒక్కోపారి నాకే అది నిజమనిపించేది. వస్తాడేమో అనిపించేది." ఆమె రాయి మీద అరచెయ్యి పెట్టింది. "తప్పంటే నాదే పంకజా. ఇంక చెక్కించండి. నేను పోకముందే చెక్కించండి."

పంకజాక్షి లేచింది. చీర కుచ్చిళ్ళకు అంటిన మట్టి దులుపుకుంది. రోడ్డు దాటి అంగడిలోకి పోయి మిషను ముందు కూర్చుంది. చాలాసేపు మిషను చప్పుడు వినిపించలేదు.

ఆ రోజు నుంచి పంకజాక్షి తల్లితో మాట్లాడడం మానేసింది. అన్నం వండేది, వడ్డించేది, మాత్రలు తీసి పక్కన పెట్టేది, కళ్ళలో మందు వేసేది. నోరు మాత్రం విప్పేది కాదు. కుప్పమ్మ కూడా అడగలేదు. మధ్యలో రవిచంద్ర నలిగిపోయాడు. ఒకరోజు ధనంజయ దగ్గరికి వచ్చి, "ఇంట్లో ఉండలేకపోతా ఉండానన్నా. పెద్దామె ఒక పక్క, ఈమె ఒక పక్క. మీరైనా చెప్పండి" అన్నాడు.

"నేనేం చెప్పేది రవీ. యాభై ఏండ్ల దుఃఖం ఇప్పుడొచ్చింది ఆ బిడ్డకు. దాని టైము దానికి కావాల."

ఆయన తన పని తాను చేసుకుంటూ పోయాడు. కొత్త దిమ్మె కట్టించాడు. సిపాయి పడుకుని ఉండగానే మునుపు నిచ్చెన మీంచి అందని చోట్లన్నీ గోకి శుభ్రం చేశాడు. కొత్తరాయి వద్దని చంద్రకాంతమ్మను ఒప్పించాడు. చెంగల్రాయుడి పేరు చెక్కడం మాత్రం ఆపి ఉంచాడు. తల్లి చెప్పింది సరే, కూతురు కూడా చెప్పాలని ఆయనకు అనిపించింది.

జూలై నెల సగం గడిచాక, ఒక పొద్దున పంకజాక్షి ఆస్పత్రి ఆవరణలోకి వచ్చింది. ఏమీ అడగకుండా ఒక గరుకుకాగితం తీసుకుని సిపాయి బూటు దగ్గర కూర్చుని పాత రంగు రుద్దడం మొదలుపెట్టింది. గంటసేపు ఇద్దరూ అట్లాగే పని చేశారు.

"మామా, మీరు ఆ పక్క పని చేసినారు గదా. డిసెంబర్లో ఆడ ఎట్లుంటాది?"

ధనంజయ చేతిలో పని ఆపాడు. "పంజాబు సరిహద్దులో మూడేండ్లుండాను. మంచు పొగమాదిరి దిగుతాది. పదడుగుల అవతల మనిషి కనపడడు. గోధుమ అప్పుడే మొలిచి ఉంటాది, పచ్చగా. కాలువ నీళ్ళలో చెయ్యి పెడితే వేళ్ళు కొయ్యబారిపోతాయి. కానీ ఆడ ఊర్లోవాళ్ళు మంచోళ్ళు. సిపాయిలకు వేడి పాలు తెచ్చిచ్చేవాళ్ళు. మీ నాయన వాళ్ళకు కూడా ఇచ్చే ఉంటారు."

ఆమె రుద్దుతూనే ఉంది. "నాకు పదేండ్లప్పుడు బస్సులోంచి ఒకాయన ట్రంకుపెట్టె ఎత్తుకోని దిగినాడు. మిలిట్రీ ప్యాంటు. నేను బడి ఎగ్గొట్టి ఆయన వెంబడే పోయినా. ఐరాల పక్క పల్లె ఆయన. రెండు మైళ్ళు పోయినాక తిరిగి చూసి, ఎవురు పాపా నువ్వు అన్నాడు. నేను మా నాయన పేరు చెప్పినా. ఆయన నన్ను మళ్ళీ ఊర్లోకి తెచ్చి ఇడిసిపోయినాడు. ఆ అంగడి కూడా ఆడనే ఎందుకు పెట్టినాననుకున్నారు? బస్సు ఆగేది ఆడనే గదా."

ధనంజయ పాతికేళ్ళుగా ఆ అంగడి ముందు నుంచి పోతూ, ఆమె ఎప్పుడూ తలెత్తి చూస్తుందని గమనించాడు గానీ ఎందుకో ఆలోచించలేదు.

"అమ్మ మీద కోపం ఉండాది మామా. పోదు. కానీ రాత్రిళ్ళు ఇంకొకటి అనిపిస్తాది. నేను ఎదురుచూసినా, అవ్వ ఎదురుచూసింది. మాకు ఆశ ఉండె. అమ్మకు అది కూడా లేదు. మా ఇద్దరి ముందర నవ్వుతా తిరిగింది." ఆమె గరుకుకాగితం కింద పెట్టింది. "చెక్కించండి. పాత రాయిలోనే, ఆ చోటులోనే."

రాయి చెక్కడానికి మునిప్రసాద్ వచ్చాడు. కాణిపాకం దగ్గర గుడి పనులు చేసే మనిషి. మెషీను తెచ్చాడు గానీ, పాత అక్షరాలు చూసి దాన్ని సంచిలోంచి తీయలేదు. ఖాళీచోటును నీళ్ళతో తడిపి, పక్కనుంచి వెలుతురు పడేలా తల వంచి చూశాడు. పైగీత, కిందిగీత ఇంకా ఉన్నాయి.

"ఎవురో చెయ్యి తిరిగినోడు గీసినాడు. ఆ గీతల మధ్యన అక్షరం పెడితే సరిపోతాది" అన్నాడు.

ఉలితో ఒకటిన్నర రోజు పట్టింది. పంకజాక్షి అంగడి మూసి వచ్చి అంతసేపూ అక్కడే కూర్చుంది. కొత్తగా చెక్కిన పేరు చుట్టూ రాతిపొడి తెల్లగా పడింది. దాన్ని నోటితో ఊది, ముందు పేరు, పక్కన 7-12-1971 అన్న తేదీ చదువుకుంది. ఆ అక్షరాల్లో రంగు తానే నింపుతానంటే ధనంజయ కుంచె ఇచ్చాడు. 'చె' మీద రంగు పక్కకు అంటింది. తుడిచి మళ్ళీ వేసింది.

పంద్రాగస్టు పొద్దున కుప్పమ్మ తలకు పోసుకుని ఉతికిన చీర కట్టుకుంది. అద్దం ముందు నిలబడి, చాలాసేపు ఆలోచించి, నుదుటి బొట్టు తుడిచేసింది. ఊరంతా ఈ రోజు పేరు వింటుంది కదా, విన్నాక బొట్టుతో ఎట్లా నిలబడేదని ఆమె భయం. పంకజాక్షి లోపలికి వచ్చి చూసింది. అలమరలోంచి కుంకుమభరిణ తీసి, తల్లి గడ్డం పట్టుకుని, వేలితో బొట్టు పెట్టింది.

"ఎవురేమన్నా అననీ. ఇది ఉండనీమ్మా" అంది.

నలభై రోజుల తర్వాత కూతురు నోట వచ్చిన మొదటి మాట అది. కుప్పమ్మ ఆ చేతిని పట్టుకుని కళ్ళకు అద్దుకుంది. ఏడుపు రాలేదు.

జెండా ఎగిరాక హైస్కూలు హెడ్మాస్టరు పేర్లు చదివాడు. ఒక్కొక్క పేరుకు ఆ ఇంటివాళ్ళు వచ్చి పూలు పెట్టి పోవడం ఆనవాయితీ. చెంగల్రాయుడి పేరు చదివినప్పుడు కుప్పమ్మ కూతురి భుజం పట్టుకుని నడిచి వచ్చింది. జనంలో ఎవరూ ఏమీ అనలేదు. ఆమె బొట్టు వైపు చూసినవాళ్ళు కూడా తల దించుకున్నారు. తమ చిన్నప్పుడు వాకిట్లో ఎదురుచూసే చెంగమ్మను ఎరిగిన ముసలివాళ్ళు ఒకరిద్దరు లేచి నిలబడ్డారు. అది చూసి మిగతావాళ్ళూ లేచారు. ధనంజయ యూనిఫారం ఎప్పుడో బిగుతైపోయింది. తెల్లచొక్కా మీదే మెడల్స్ పెట్టుకుని, రాయి ఎదుట నిలబడి సెల్యూట్ చేశాడు. అందరి పేర్లకూ ఒకే సెల్యూట్ చేసేవాడు ప్రతి ఏడూ. ఈసారి ఆ పేరుకు విడిగా ఒకటి చేశాడు.

ఆ తర్వాత కూడా తల్లీకూతుళ్ళ మధ్య అన్నీ సర్దుకోలేదు. ఒక రోజు మాట్లాడుకునేవారు, రెండు రోజులు ఉండేవి కావు మాటలు. ఒకసారి పంకజాక్షి అన్నం పెడుతూ పెడుతూ, "నాకు జ్వరం వచ్చినప్పుడు కూడా నాయన మందు తెస్తాడని చెప్పినావు" అని ఉన్నట్టుండి అంది. కుప్పమ్మ ఆ పూట తినలేదు. మరునాడు పంకజాక్షే బతిమాలి తినిపించింది.

చెంగల్రాయుడికి ఇంట్లో, చనిపోయిన తిథికి పెట్టే దివసం ఎప్పుడూ పెట్టలేదు. బతికున్నవాడికి ఎవరు పెడతారు? పంకజాక్షి పంతులును అడిగింది. ఆయన పాత పంచాంగం తిరగేసి, ఆ తేదీకి మార్గశిర బహుళ పంచమి అని చెప్పాడు. ఆ ఏడు అది డిసెంబరు చివర్న పడింది. ధనంజయను కూడా భోజనానికి రమ్మన్నారు.

ఆయన కొంచెం ముందుగానే పోయాడు. వసారాలో తల్లీకూతుళ్ళు ఒకే గిన్నెకు అటూ ఇటూ కూర్చుని నానబెట్టిన అనపగింజలు పితుకుతున్నారు. రవిచంద్ర అరటాకులు కడుగుతున్నాడు. కుప్పమ్మ వేళ్ళ మధ్య గింజ నొక్కితే పొట్టు చేతిలో ఉండి పప్పు గిన్నెలోకి ఎగిరి పడుతుంది.

"మామా, రండి" అంది పంకజాక్షి. "మా నాయనకు ఏమిష్టమని అడిగితే పితికిపప్పు అనింది. ఇన్నేండ్లు ఈ ఇంట్లో ఎందుకు వండలేదో ఇప్పుడు తెలిసింది."

"వండితే తినబుద్ది కాదు గదా" అంది కుప్పమ్మ.

ధనంజయ గడప పక్కన కూర్చున్నాడు. పంకజాక్షి ఇంకో పిడికెడు గింజలు తన వైపుకు లాక్కుంది.

"అన్నంలోకా, సంగటిలోకా?" అని అడిగింది.

"సంగట్లోకే. అన్నం యాడిది అప్పుడు? ఒక ముద్ద తిని, ఇంకో ముద్ద కూడా తినేవాడు. తినేటప్పుడు మాట్లాడేవాడు కాదు. మీ అవ్వ తిట్టేది, గొడ్డు మాదిరి మేస్తాడు, బాగుందని ఒక మాటన్నా అనడు అని."

"ఎత్తా? పొట్టా?"

"పొట్టే. నాకంటే ఒక జానెడు పొడుగు, అంతే. నీ మాదిరే ఎడమచేతి వాటం." కుప్పమ్మ చేతిలో గింజలు అట్లాగే ఉండిపోయాయి. "పాటలు పాడేవాడు. గొంతు మాత్రం బాగుండదు."

పంకజాక్షి తలెత్తింది. "పాడేవాడా?"

"బాయి దగ్గర మోట తోలేటప్పుడు పాడేవాడు. ఊరంతా వినపడేది. పెండ్లయిన కొత్తలో నాకు సిగ్గుతో సచ్చినంత పని అయ్యేది."

"చెప్పు" అంది పంకజాక్షి, గిన్నెను తల్లి వైపుకు జరుపుతూ. "ఏం పాడేవాడో చెప్పు."